శుక్రవారం నాలుగింటి మాత్ర

వాల్డార్ఫ్,
సెప్టెంబర్ 16, మంగళవారం

శుక్రవారపు మొగుడికి,

ముందు కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. రోజూ ఫోన్లో అరగంట మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాల మధ్య ఈ ఉత్తరం ఏంటి, చోద్యం కాకపోతే అనుకుంటావు. నాకూ అలాగే ఉంది. కవరు మీద నీ వోల్ఫ్స్‌బర్గ్ అడ్రసు రాస్తుంటే ఇంటి నంబరు ఇరవై మూడా ముప్పై రెండా అని అనుమానం వచ్చి వెతుక్కోవాల్సి వచ్చింది. మూడేళ్ళుగా నువ్వుంటున్న ఇంటి నంబరు నాకు నోటికి రాదు. అక్కడికి నేను వచ్చింది రెండే రెండుసార్లు. ఎప్పుడూ శుక్రవారం శుక్రవారం నువ్వే ఇటు వస్తావు కదా.

నాకు తలనొప్పి వస్తోంది భార్గవ్. ఇదేమంత పెద్ద మాటని? అయినా ఏడాదిన్నర నుంచి నీకు చెప్పలేదు. ఫోన్లో నువ్వు “ఎట్లున్నవ్” అనడం ఆలస్యం, నా నోరు దానంతట అదే “బాగున్నా” అనేస్తుంది. కాగితం మీదైతే అలా అనేసి తప్పించుకోవడం కుదరదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నా అక్షరాలు నాకే వంకరగా కనిపిస్తున్నాయి, నవ్వకు.

మెడ వెనక మొదలవుతుంది. అక్కణ్ణుంచి రెండు వైపులా పాకి నుదుటి దగ్గర కలుసుకుంటుంది. తడి తువ్వాలు తల చుట్టూ బిగించి ముడేసినట్టుంటుంది. పొడవదు, వాంతి రాదు, వెలుతురు చూస్తే బాధ ఉండదు. అలా బిగించి కూర్చుంటుంది, అంతే. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు ఫిబ్రవరిలో ఇస్తామన్నారు. ఫిబ్రవరి దాకా ఈ తలని ఎక్కడ పెట్టుకోను? అందుకని పక్క ఊరు వీస్‌లోఖ్‌లో ఛాయాదేవి గారి దగ్గరికి వెళ్ళాను. గుర్తుందా, ఉగాది ఫంక్షన్లో పులిహోర దగ్గర మనల్ని ఆపి “మీదే ఊరమ్మా” అని అడిగిన తెల్లజుట్టు డాక్టరమ్మ. డెబ్భై దాటాయి, ఇప్పటికీ వారానికి మూడు రోజులు క్లినిక్‌లో కూర్చుంటున్నారు. ఆవిడ తెలుగు నలభై ఆరేళ్ళ కింద విమానం ఎక్కిన తెలుగు, అలాగే మడత నలగకుండా ఉంది. నన్ను “ఏమ్మా, శిరోభారమా?” అని అడిగారు.

రక్తపోటు, కళ్ళు, మెడ, అన్నీ చూశారు. భయపడాల్సింది ఏమీ లేదట. టెన్షన్ తలనొప్పి అన్నారు. మనం ఊరికే టెన్షన్ టెన్షన్ అంటామే, అదొక్కటే కాదట. మెడ, భుజాలు, దవడ కండరాలు బిగుసుకుపోయి ఇక వదలడం మర్చిపోతాయట. తర్వాత మాత్రలెన్ని వేసుకుంటున్నావు అని అడిగారు. నెలకి రెండో మూడో అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించి నావైపు చూసి, “మన వాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. ఏ డబ్బాలో పెట్టావు?” అన్నారు.

మెంతుల డబ్బాలో. నిజం చెప్పేస్తున్నాను. ఆ డబ్బాలో మెంతులుండి రెండేళ్ళయింది. నీకు మెంతులు పడవు కాబట్టి నువ్వెప్పుడూ దాని మూత తియ్యవు. మన వాట్సాప్ గ్రూపులో ‘హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తున్నారా’ అని అడిగినప్పుడల్లా పచ్చళ్ళ కోసమనుకున్నావు. మాత్రల పట్టీల కోసం. ఈ జర్మనీలో డాక్టర్లు టీ తాగి పడుకోమంటారని నవ్వుకుంటూ మనవాళ్ళందరం ఇంటికో మందుల షాపు పెట్టుకున్నాం కదా. అదే పొరపాటట. తలనొప్పి మాత్ర నెలలో పది రోజులు మించితే, ఆ మాత్రే మళ్ళీ తలనొప్పి తెచ్చిపెడుతుందట. నేను వేసుకుంటున్నది పదిహేను, పదహారు రోజులు.

ఇప్పటికి ఆపమనలేదు. ముందు నాలుగు వారాలు రాయమన్నారు. ఒక కాగితం ఇచ్చారు, ఇరవై ఎనిమిది గళ్ళు. ఏ రోజు, ఏ టైముకి, పదికి ఎంత నొప్పి, మాత్ర వేసుకున్నానా లేదా, చివర్లో ‘ఆ రోజు విశేషం’ అని వేలెడంత చోటు. రెండు కాగితాలు అతుక్కుని వచ్చాయి. రెండోది నీకు పంపిస్తున్నాను. తలనొప్పంటే ఏంటో తెలియని మహానుభావుడివి, వెనకవైపు కిరాణా లిస్టు రాసుకో.

నీ తలనొప్పి,
మంగ


వాల్డార్ఫ్,
అక్టోబర్ 14, మంగళవారం

భార్గవ్‌కి,

ఈసారి వెక్కిరింతలు లేవు. మొదటి ఉత్తరం అందిందా అంటే “అందింది” అన్నావు. చదివావా అంటే “చదివిన” అన్నావు. ఆ శుక్రవారం వచ్చినప్పుడు నా మెడ మీద చెయ్యి వేసి “ఇప్పుడు ఉందా?” అని అడిగావు. లేదన్నాను. ఉంది. ఆ అబద్ధం దగ్గర్నుంచే మొదలుపెడతాను.

నిన్న కాగితం తీసుకుని ఛాయాదేవి గారి దగ్గరికి వెళ్ళాను. అదే ఈ కవర్లో పెట్టాను, చూడు. ఆవిడ పెన్సిల్ తీసుకుని నొప్పి ఉన్న గళ్ళకి చుట్టూ గీతలు గీశారు. మంగళ, బుధ, గురు ఖాళీ. శుక్రవారం మధ్యాహ్నం నొప్పి పదికి మూడు. శనివారం ఆరు. ఆదివారం ఎనిమిది. సోమవారం మిగిలిపోయిన నాలుగు. మళ్ళీ మంగళవారం ఖాళీ. మొదటి వారం అంతే, రెండో వారం అంతే, నాలుగు వారాలూ అంతే. ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టుంది. నేనే రాశాను, నేనే రోజూ చూశాను, ఆ పెన్సిల్ గీత పడేదాకా నాకు కనపడలేదు.

“శని, ఆదివారాల్లో ఏం జరుగుతుందమ్మా?” అని అడిగారు. మా ఆయన వస్తారండీ అన్నాను. వచ్చి? ఏమీ లేదండీ, చాలా బాగా ఉంటాం అన్నాను. అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నిజంగానే బాగా ఉంటాం కదా మనం? నేను నిన్నంతా అదే ఆలోచించాను. వారమంతా నీ కోసం చూస్తాను. ఇది మాత్రం అబద్ధం కాదు. బుధవారం నుంచే ఏం వండాలా అనుకుంటాను. గురువారం దుప్పట్లు మారుస్తాను. శుక్రవారం నాలుగింటికి ఆఫీసులోంచి బయటికొస్తూ ఒక మాత్ర వేసుకుంటాను. నీ బండి అయిదున్నరకి. అప్పటికి అది పనిచెయ్యాలి. నువ్వు దిగేసరికి నా మొహం నవ్వుతూ ఉండాలి. ఏడాదిన్నరగా నువ్వు ప్లాట్‌ఫారం మీద చూసిన ప్రతి నవ్వు వెనకా ఆ నాలుగింటి మాత్ర ఉంది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది నాకు.

ఆ తర్వాత శనివారం. ఆదివారం షాపులుండవు కాబట్టి వారం సరుకులన్నీ ఆ రోజే. నువ్వు షాపులో తిరిగిచ్చే ఖాళీ సీసాలన్నీ సైజుల వారీగా సంచిలో సర్దుతావు, నేను లిస్టు పట్టుకుంటాను. మీ ఇంటికి వీడియో కాలు, మా ఇంటికి వీడియో కాలు. సాయంత్రం ఎవరో ఒకరు భోజనానికి. మనం పోట్లాడుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా? కాకినాడ దానికీ జగిత్యాల వాడికీ పప్పులో చింతపండు ఎంత వెయ్యాలనే దాని మీద పెళ్ళయిన కొత్తలో రోజుకి రెండు గొడవలు. ఇప్పుడు నువ్వు ఎంత పులుపైనా “మంచిగుంది” అంటావు. ఉన్నదే రెండు రోజులు, వాటినెందుకు పాడు చేసుకోవడం అని నువ్వూ అనుకుంటావు, నేనూ అనుకుంటాను. ఇద్దరం ఒకరింటికి ఒకరు వచ్చిన చుట్టాల్లా మర్యాదగా ఉంటున్నాం. పిల్లల సంగతి ఎత్తి ఏడాది అయింది. అది కూడా మర్యాదకేనేమో.

ఫిజియోథెరపీకి కూడా పంపించారు. ఫ్రావ్ లిండ్‌నర్ అని ఒకావిడ, రొట్టెల పిండి పిసికే చేతులు ఆవిడవి. నా చెవుల కింద దవడ ఎముక పక్కన బొటనవేళ్ళతో నొక్కితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. “రోజంతా ఏం నములుతుంటారు మీరు?” అని అడిగింది. నోట్లో ఏమీ లేదన్నాను. లేకపోయినా నములుతూనే ఉన్నానట. పెదాలు కలిసి ఉండొచ్చు, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు, నాలుక పైకి ఆనించి ఊరుకోవాలి. ముప్పై మూడేళ్ళొచ్చాక నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నాలుగు వారాలు మాత్రలు పూర్తిగా ఆపమన్నారు ఛాయాదేవి గారు. మొదటి వారం నొప్పి ఎక్కువవుతుంది, ఓర్చుకో, వారం వారం వచ్చి కనపడు అన్నారు. మెంతుల డబ్బా ఆవిడ బల్ల మీదే ఖాళీ చేసి వచ్చాను. ఆ నాలుగు వారాలూ నువ్వు రావద్దు భార్గవ్. ఇది ఆవిడ చెప్పింది కాదు. ఆవిడ మాత్రలే ఆపమన్నారు. నిన్ను ఆపడం నా సొంత వైద్యం.

ఎందుకో చెప్తాను. నువ్వొచ్చిన రోజుల్లోనే నొప్పి వస్తోందంటే, నువ్వు రాకపోతే ఏమవుతుందో నాకు తెలియాలి. నువ్వు లేని శని, ఆదివారాల్లో కూడా నొప్పి వస్తే సరే, అది ఆఫీసు కుర్చీదో, మాత్రలదో అనుకుంటాను. రాకపోతే? నువ్వు లేకుండానే నా తల హాయిగా ఉంటుందని తేలితే, ఈ పెళ్ళి గురించి మనిద్దరం కూర్చుని నిజాలు మాట్లాడుకోవాలి. ఇలా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కానీ అనుకుంటూ రాయకపోతే అదింకో అబద్ధం అవుతుంది. ఫోన్లు కూడా వద్దు. నీ గొంతు వింటే మళ్ళీ బాగున్నా అనేస్తాను.

మంగతాయారు


వాల్డార్ఫ్,
నవంబర్ 10, సోమవారం

నా భార్గవ్‌కి,

నువ్వు రాలేదు. రావద్దంటే నిజంగానే రాలేదు. ఫోను కూడా చెయ్యలేదు. అంత మాట వినే మొగుణ్ణి కట్టుకున్నందుకు మొదటి శనివారం నిన్ను తిట్టుకున్నాను.

ఆ మొదటి వారం అడక్కు. మాత్ర లేదు, నువ్వు లేవు. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా తల పట్టుకుని పడుకున్నాను. చెర్రీ గింజలు నింపి కుట్టిన దిండు ఒకటి కొనమంటే కొన్నాను, అది వేడి చేసి మెడ కింద పెట్టుకుంటే గంటసేపు నయం. కణతలకి పుదీనా నూనె రాసుకుంటే ఇల్లంతా మీ అమ్మగారు చట్నీ నూరుతున్న వాసన. పిడికిలి బిగించి అయిదు లెక్కపెట్టడం, వదిలేసి అర నిమిషం ఊరుకోవడం, తర్వాత భుజాలు, తర్వాత మొహం. ఈ బిగించడం వదలడం రోజూ రెండుసార్లు. బిగించడం నాకు బ్రహ్మాండంగా వచ్చు. వదలడమే రాదు అంటే ఫ్రావ్ లిండ్‌నర్ నా భుజం తట్టి, అందరికీ అంతే అంది.

రెండో వారం నొప్పి సగమైంది. రోజూ సాయంత్రం అడవి దారిలో నలభై నిమిషాలు నడుస్తున్నాను. కంప్యూటర్ స్క్రీన్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాను. ఒకే టైముకి పడుకుంటున్నాను. ఇవన్నీ పనిచేస్తున్నాయి, కాదనను. మూడో శనివారం పొద్దున లేచేసరికి తల లేదు. అంటే, తలొకటి ఉందని గుర్తు చేసే నొప్పి లేదు. ఆదివారం కూడా రాలేదు. ఆ రెండు గళ్ళలో సున్నా వేశాను. వేసి, వంటింట్లో నిలబడి ఏడ్చాను.

ఏమని ఏడ్చానో నీకు తెలుస్తుంది కదా. పరీక్ష నేనే పెట్టాను, జవాబు వచ్చేసింది. నువ్వు రాకపోతే నాకు నొప్పి లేదు. కానీ తల ఎంత హాయిగా ఉందో మిగిలిందంతా అంత పాడుగా ఉంది. గురువారం చెయ్యి దానంతట అది దుప్పట్లు మార్చింది. హైడెల్‌బర్గ్ షాపులో బెండకాయలు కనపడితే అర కిలో కొనేశాను, నాకు ఇష్టం లేని బెండకాయలు. నువ్వు ఆదివారం బయలుదేరే ముందు కిటికీలన్నీ మూశామా లేదా అని గది గదికీ తిరుగుతావే, ఆ టైముకి నేనే లేచి తిరిగాను. నీ చెప్పులు గుమ్మం దగ్గర నువ్వు వదిలినట్టే ఒకటి అటు, ఒకటి ఇటు ఉన్నాయి. సరిగ్గా పెట్టలేదు. ఎప్పుడూ సర్దేదాన్నే, ఈ నెలంతా ముట్టుకోలేదు. నువ్వంటే నాకు ఎంత ఇష్టమో నాకే కొత్తగా తెలిసినట్టుంది. ఇంత కావాల్సిన మనిషి వస్తే నా తల ఎందుకు పగిలిపోతుంది, అదీ నాకు అర్థం కానిది.

మొన్న శుక్రవారం, నాలుగోది. కాళ్ళు ఊరుకోలేదు. అయిదున్నరకి స్టేషన్‌కి వెళ్ళాను. మాత్ర వేసుకోకుండా. నీ బండి వచ్చింది, పన్నెండు నిమిషాలు లేటు, జనం దిగారు, నువ్వు దిగలేదు. నా మెడ మామూలుగానే ఉంది. దవడ వదులుగానే ఉంది. ఇదేదో చూద్దామని నిన్న ఆదివారం సాయంత్రం ఆరింటికి కూడా వెళ్ళాను. ఈసారి అవతలి వైపు, నువ్వు తిరిగెళ్ళే మన్‌హైమ్ బండి ఆగే ప్లాట్‌ఫారం మీదికి. నువ్వు లేవు, పెట్టె లేదు, వీడ్కోలు లేదు. ఊరికే ఆ మెట్లు ఎక్కాను. చివరి మెట్టు మీద నా పళ్ళు వాటంతట అవే టకీమని కరుచుకున్నాయి. చప్పుడు నాకే వినపడింది. బండి వచ్చి, ఆగి, తలుపులు మూసుకుని వెళ్ళింది. మెడ వెనక నొప్పి మొదలై రెండు వైపులా పాకి నుదుటి దగ్గర కలిసింది.

అప్పుడు తెలిసింది భార్గవ్. ఫ్రావ్ లిండ్‌నర్ అడిగిందే, ఏం నములుతున్నారని. ఒక్క మాట నములుతున్నాను, మూడేళ్ళ నుంచి. నువ్వు శుక్రవారం దిగగానే నాలో ఎవరో ఆదివారం ఆరింటికి ఇంకెన్ని గంటలో లెక్కపెట్టడం మొదలుపెడతారు. నవ్వుతూ వండుతాను, నవ్వుతూ వడ్డిస్తాను, ఆ మాట బయటికి రాకుండా పళ్ళ కింద పట్టుకుంటాను. ఆ మాట అనేస్తే నీ ఉద్యోగం, పర్మనెంట్ రెసిడెన్స్ కార్డు, ఒక్క ఏడాదే అనుకుని మూడేళ్ళు నువ్వు తిరిగిన తిరుగుడు, అన్నీ వృథా అంటున్నట్టవుతుందని భయం. నన్ను చూసి నువ్వు దిగులుగా బండెక్కుతావని భయం. అందుకే మాత్ర వేసుకుని చెయ్యి ఊపేదాన్ని. నువ్వొస్తే కాదు నాకు నొప్పి. వెళ్ళిపోతావని.

ఇప్పుడు అనేస్తున్నాను, కాగితం మీద కాబట్టి అనగలుగుతున్నాను. వెళ్ళకు. ఎలాగో నాకు తెలీదు, నేను అక్కడికి రావాలో నువ్వు ఇక్కడికి రావాలో తెలీదు. వెళ్ళకు.

నీ మంగ


వోల్ఫ్స్‌బర్గ్,
నవంబర్ 12, బుధవారం

మంగకు,

నాకు ఉత్తరం రాసుడు రాదు. పదో తరగతి పరీక్షల సెలవు చీటీ రాసిన, మల్ల ఇదే. తప్పులుంటే మనసుల పెట్టుకోకు. ఇంటి నంబరు ఇరవై మూడు.

నీ ఉత్తరం ఇయ్యాల పొద్దున వచ్చింది. డ్యూటీకి పోకముందే చదివిన. పోలే ఇగ. ఒంట్ల బాలేదని మెసేజ్ పెట్టి ఇంట్లనే కూసున్న. ఇన్నేండ్లల్ల ఫస్ట్ టైం అబద్ధమాడిన అనుకున్న, కాదు. నేను గూడ మూడేండ్ల సంది అబద్ధమే ఆడుతున్న.

నువ్వు మొదటి ఉత్తరంల ఇంకో కాగితం పెట్టినవ్ గద, కిరాణా లిస్టు రాసుకో అని. నేను దాని మీద కిరాణా రాయలే. గళ్ళు నింపిన. ఈ కవర్ల పెట్టిన, తీసి చూడు. ఆదివారం రాత్రి బండ్ల కూసున్నంక మొదలైతది నాకు. దారిల కాసెల్ స్టేషన్ దాటేసరికి కండ్ల మీదికి వస్తది. సోమవారం ఏడు, మంగళవారం ఆరు, బుధవారం అయిదు, గురువారం మూడు. శుక్రవారం పొద్దున ఉండదు. నీ దగ్గర ఉన్నన్ని గంటలు ఉండదు. నీ మాత్రలు మెంతుల డబ్బాల ఉన్నయ్, నావి కళ్ళద్దాల డబ్బాల ఉన్నయ్. నువ్వెప్పుడు నా కళ్ళద్దాల డబ్బా తియ్యవు గద.

నీ రెండో ఉత్తరంతోటి నీ కాగితం వచ్చినంక ఒక పని చేసిన. నీ కాగితం మీద నా కాగితం పెట్టి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్న. నీ గళ్ళు ఖాళీగ ఉన్నకాడ నావి నిండి ఉన్నయ్. నావి ఖాళీగ ఉన్నకాడ నీవి. రెండు కలిపితే నెలల ఒక్క గడి ఖాళీ లేదు.

నువ్వు నవ్వుకుంట చెయ్యి ఊపుతుంటివి. అది చూసి, మంగకు గిట్లనే నడుస్తది, దాని ఉద్యోగం దానికి, దాని దోస్తులు దానికి, నేనెందుకు ఏడ్వాలె అనుకుంటుంటి. నువ్వు అడుగుతె ఆగిపోయేటోన్ని. నేను అడుగుతె నువ్వు పరేషాన్ అయితవని అడగలే. రావద్దు అని నువ్వు రాసినప్పుడు, నేను లేకుంటెనే నీకు మంచిగుంటదేమో అని నిజంగ నమ్మిన. అందుకే ఫోన్ చెయ్యలే. నాలుగు శుక్రవారాలు ఇక్కడ స్టేషన్‌కు పోయిన, నీ దిక్కు పోయే బండి ఎక్కకుండ మల్లొచ్చిన. నువ్వు అక్కడ నిలబడ్డ రోజు గూడ నేను ఇక్కడ నిలబడ్డ.

ఇంకొకటి. రెండో ఉత్తరం వచ్చిన మల్లవారం మా మేనేజరును అడిగిన. వారంల రెండు రోజులు ఇక్కడ, మూడు రోజులు ఇంటికాడి నుంచి చేస్త అని. నువ్వు ఉండు అన్నా వద్దు అన్నా అడగాల్సింది అది. ఆయన ఒక ఫారం ఇచ్చి, ఇది మొదట్లనే ఎందుకు అడగలేదు అన్నడు. మన వాళ్ళం అడగం గద. కార్డు చేతికొచ్చేదాక నోరు తెరవొద్దని ఒకరికొకరం చెప్పుకుంటం, అడిగితె తీసేస్తరని. పోయిన శుక్రవారం సంతకమై వచ్చింది. మంగళ, బుధ ఇక్కడ. మిగిలిన రోజులన్ని అక్కడ, నీ దగ్గర. నీకు ఎట్ల చెప్పాలె, చెప్పొచ్చో లేదో తెలవక ఆ కాగితం జేబుల పెట్టుకొని తిరుగుతున్న. ఇయ్యాల నీ ఉత్తరంల చివరి మాట చదివి బయటికి తీసిన.

ఎల్లుండి శుక్రవారం వస్తున్న. ఈ ఉత్తరం నాకంటె ముందొస్తె చదువు, నేను ముందొస్తె నేనే చదివి వినిపిస్త. నాలుగింటికి ఏం వేసుకోకు. నొప్పి ఉంటె నొప్పితోనే రా, మొహం ముడుచుకొనే రా. ఏడాదిన్నర సంది నీ నొప్పి నాకు చూపియ్యలే, ఒక్కసారి చూడనీ. పప్పుల చింతపండు ఎక్కువైతె ఈసారి ఎక్కువైంది అనే చెప్త. గొడవపడదాం. బెండకాయలు పారెయ్యకు.

ఆదివారం ఆరింటికి ఆ ప్లాట్‌ఫారం మీదికి ఇద్దరం పోదాం. నువ్వు పండ్లు బిగపట్టుకోకు, నేను నీ చెయ్యి పట్టుకుంట. బండి వస్తది, తలుపులు తెరుస్తది, పోతది. మనం ఇంటికి పోదాం.

నీ,
ఆదివారం గూడ ఉండే
భార్గవ్